ఒక్క సెల్లు లైటు: సిక్కోలు, విజయనగరం ఇళ్లకూ పొలాలకూ ఏది నప్పుతుంది

విజయనగరం గంటస్తంభం చుట్టుపక్కల ఫేన్సీ షాపుల్లోనైనా, పలాస, రాజాం ఎలక్ట్రికల్ కొట్లలోనైనా అరచేతిలో ఇమిడే ఎల్‌ఈడీ బేటరీ లైట్లు వరసగా వేలాడుతుంటాయి. ఒక అట్టపెట్టె మీద 5000 ల్యూమెన్లు (మొత్తం వెలుగుకు కొలత) అని ఉంటుంది, పక్కదాని మీద 10000. లోపల పట్టేది మాత్రం ఒక్కటే సెల్లు. ఆ అంకెలో నిజమెంతో తేల్చడానికి లైటు వెలిగించి చూడనక్కర్లేదు, చిన్న భాగాహారం చాలు.

మంచి తెల్ల ఎల్‌ఈడీ వెలుగు అద్దం దాటి బయటకొచ్చేసరికి ఒక్కో వాట్‌కు 100 నుంచి 120 ల్యూమెన్ల దాకా మిగులుతుంది. ఆ లెక్కన 10000 ల్యూమెన్లకు సుమారు 90 వాట్లు కావాలి. ఈ లైట్లలో వేసే 18650 అనే లావు లిథియం సెల్లు ఎంత మంచిదైనా అందులోని మొత్తం శక్తి 11 వాట్-అవర్లకు (ఒక వాట్ చొప్పున 11 గంటలు ఇచ్చేంత) అటూ ఇటూగా ఉంటుంది. అంటే ఏడు నిమిషాల్లో సెల్లు ఖాళీ అయిపోవాలి, ఆ ఏడు నిమిషాలూ 25 ఆంపియర్ల కరెంటు పారాలి, లైటేమో చెయ్యి కాలేంత వేడెక్కాలి. ఇవేవీ జరగలేదంటే పెట్టె మీది అంకె ఉత్తదే. నిజానికి బొటనవేలు లావు అల్యూమినియం గొట్టం వేడిని తట్టుకుంటూ నిలకడగా ఇవ్వగలిగేది 200 నుంచి 400 ల్యూమెన్లు. అది తక్కువేమీ కాదు. రాత్రిపూట గట్టు మీద నడవడానికి అందులో నాలుగో వంతు చాలు.

అందుకే ఈ లైట్లను పోల్చేటప్పుడు ల్యూమెన్ల అంకెను పక్కన పెట్టి, ముందు సెల్లు చూడాలి. ఏ సెల్లు పడుతుంది, అది ఎక్కడ దొరుకుతుంది, ఎన్ని గంటలు ఇస్తుంది. మిగతావన్నీ ఆ తర్వాతే.

సెల్లు లెక్క

ఒక్క సెల్లు లైట్లు మన దగ్గర ప్రధానంగా మూడు రకాలు. రిమోట్‌లో వేసే ఏఏఏ సెల్లువి, గోడ గడియారంలో వేసే ఏఏ పెన్సిల్ సెల్లువి, పాత ల్యాప్‌టాప్ బ్యాటరీల్లో ఉండే లావు లిథియం సెల్లు 18650వి. ఈ చివరి పేరులోనే కొలత ఉంది: 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు.

వీటిని ఒకే తక్కెడలో పెట్టడానికి ల్యూమెన్-గంట అనే కొలత పనికొస్తుంది. 100 ల్యూమెన్లు ఒక గంట వెలిగినా, 10 ల్యూమెన్లు పది గంటలు వెలిగినా 100 ల్యూమెన్-గంటలే. మళ్లీ మళ్లీ ఛార్జి చేసుకునే ఏఏఏ నికెల్ సెల్లు 1.2 వోల్టులు, 800 ఎంఏహెచ్. శక్తి సుమారు 1 వాట్-అవర్. సర్క్యూటులో పోయేది పోగా 80 ల్యూమెన్-గంటలు. అదే రకం ఏఏ సెల్లు 2000 ఎంఏహెచ్, 2.4 వాట్-అవర్లు, దగ్గర దగ్గర 200 ల్యూమెన్-గంటలు. 3000 ఎంఏహెచ్ 18650 సెల్లు 3.6 వోల్టుల దగ్గర 10.8 వాట్-అవర్లు, సుమారు 1000 ల్యూమెన్-గంటలు. ఏఏ కన్నా 18650 చూడ్డానికి కాస్త పెద్దదే, కడుపులో పట్టేది మాత్రం ఐదింతలు.

ఈ అంకెలు తుపాను రోజుల్లో ఎలా పలుకుతాయో చూడండి. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. అంతకు నాలుగేళ్ల ముందు, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు విజయనగరం జిల్లాదీ అదే పరిస్థితి. అలాంటి రాత్రి వంటకీ భోజనాలకీ పిల్లల్ని పడుకోబెట్టడానికీ ఆరు నుంచి పది దాకా నాలుగు గంటలు గదిలో 25 ల్యూమెన్లు ఉంటే గడిచిపోతుంది. రాత్రికి 100 ల్యూమెన్-గంటలు. ఒక ఏఏ సెల్లు రెండు రాత్రులు లాగుతుంది, ఒక 18650 పది రాత్రులు. ఏఏఏ ఒక్క రాత్రికి కూడా చాలదు. అది తాళాల గుత్తికి కట్టుకుని తాళం కన్నం వెతకడానికే.

25 ల్యూమెన్లతో గది వెలగాలంటే లైటును నేల మీద నిలబెట్టి పైకి చూపించాలి. సున్నం వేసిన శ్లాబు వెలుగుని గదంతా పరుస్తుంది. పెంకుటిల్లు, తాటాకుల కప్పు అయితే వెలుగుని మింగేస్తాయి. అక్కడ లైటు తలకాయకు తెల్లటి పాలపేకెట్టు కవరు ఒక పొర బిగించి రబ్బరుబ్యాండు వేస్తే సరిపోతుంది. ఎక్కువ వెలుగులో పెట్టి మాత్రం అలా కట్టకూడదు, కవరు కరుగుతుంది.

మరి పెన్సిల్ సెల్లు లైటు దండగా? కాదు. ఐదు రోజులు కరెంటు లేకపోతే 18650ని దేంతో ఛార్జి చేస్తారన్నది అసలు ప్రశ్న. ఏఏ సెల్లు వజ్రపుకొత్తూరు కిరాణా కొట్లోనూ దొరుకుతుంది, సీతంపేట సంతలోనూ దొరుకుతుంది. 18650కి పవర్‌బ్యాంకు ఉండాలి. 10000 ఎంఏహెచ్ పవర్‌బ్యాంకులో బయటకు వచ్చేది సుమారు 31 వాట్-అవర్లు. లైటు లోపలి చవక ఛార్జింగు చిప్పు ఒక 3000 ఎంఏహెచ్ సెల్లు నింపడానికి 15 వాట్-అవర్లు తాగుతుంది. అంటే రెండు నింపుళ్లు. అది ఇంకో 20 రాత్రుల వెలుగు. కానీ ఆ పవర్‌బ్యాంకు కోసం ఇంట్లో సెల్‌ఫోన్లు కూడా కాచుక్కూర్చుంటాయి. ఇంటికి ఒకటే లైటు కొనేవాళ్లకు 18650, రెండు కొనేవాళ్లకు రెండోది ఏఏ అన్నది ఈ లెక్క చెప్పే మాట.

ఏ పెన్సిల్ సెల్లు

ఇక్కడే చాలామంది లైటును తిట్టి సెల్లును వదిలేస్తారు. తెల్ల ఎల్‌ఈడీ వెలగడానికి 3 వోల్టుల దరిదాపు కావాలి, పెన్సిల్ సెల్లు ఇచ్చేది ఒకటిన్నర. కాబట్టి ఏఏ లైటులో వోల్టేజీని పెంచే చిన్న సర్క్యూటు ఉంటుంది. వోల్టేజీ పెంచిన మేర సెల్లు నుంచి కరెంటు ఎక్కువ గుంజుతుంది. 100 ల్యూమెన్ల వెలుగుకు అది దాదాపు ఒక ఆంపియరు. గోడ గడియారానికీ రిమోట్‌కీ చేసిన చవక జింకు-కార్బన్ సెల్లు ఆ గుంజుడికి నిలవదు. కాసేపటికే డిమ్ అవుతుంది. పది నిమిషాలు ఆపి మళ్లీ వేస్తే కాస్త కోలుకున్నట్టు కనిపించి మళ్లీ పడిపోతుంది. ఆల్కలైన్ సెల్లు నయం, అయినా ఆ కరెంటు దగ్గర తన అసలు సామర్థ్యంలో సగం కూడా ఇవ్వదు. 10-20 ల్యూమెన్ల దగ్గర వాడితే మాత్రం నిండుగా ఇస్తుంది.

రోజూ వాడకానికి సరైనది ఛార్జి చేసుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లే. దాని మీద 1.2 వోల్టులు అని ఉండటం చూసి తక్కువనుకుంటారు. ఆంపియరు కరెంటు గుంజినప్పుడు ఆల్కలైన్ సెల్లు త్వరలోనే 1.2 కిందకు జారిపోతుంది, ఇది చివరిదాకా ఆ చుట్టుపక్కలే నిలుస్తుంది. కొనేటప్పుడు వాడకుండా ఉంచినా ఛార్జి తక్కువగా తగ్గే రకం అడగాలి. అలాంటివి ఏడాది పక్కన పెట్టినా నాలుగింట మూడు వంతుల ఛార్జి నిలబెట్టుకుంటాయి. పాత రకాలు రెండు మూడు నెలల్లో ఖాళీ అయిపోతాయి. 2700, 2800 అని పెద్ద అంకె వేసుకున్న వాటికన్నా 1900-2000 అంకె ఉన్నవే ఎక్కువ కాలం మన్నుతాయి.

ఏఏ కొలతలోనే 14500 అని ఒక లిథియం సెల్లు ఉంది. దాని వోల్టేజీ 3.7, నిండుగా ఉంటే 4.2. లైటు పెట్టె మీద 14500 పనిచేస్తుందని స్పష్టంగా రాసి ఉంటేనే వేయాలి. అప్పుడు వెలుగు రెండు మూడింతలవుతుంది. రాయని లైటులో వేస్తే వోల్టేజీని పెంచే సర్క్యూటు ఆ 4.2 వోల్టులనీ అడ్డూ ఆపూ లేకుండా వదిలేసి ఎల్‌ఈడీని మాడ్చేస్తుంది. ఇంట్లో పెన్సిల్ సెల్లుల డబ్బాలో ఇది కలిసిపోయి పిల్లల బొమ్మలోకో గడియారంలోకో వెళితే ఆ వస్తువు పని అయిపోయినట్టే. ఎర్ర ఇన్సులేషన్ టేపు చుట్టి వేరే పెట్టుకోవడం మంచిది. యూఎస్‌బీతో ఛార్జి అయ్యే 1.5 వోల్టుల లిథియం పెన్సిల్ సెల్లులు వేరే జాతి. అవి చివరిదాకా 1.5 వోల్టులు ఇచ్చి, ముందస్తు సూచన ఏమీ లేకుండా ఒక్కసారిగా ఆరిపోతాయి. పొలం మధ్యలో ఉన్నప్పుడు అదేమంత సుఖమైన సంగతి కాదు.

18650లో మోసం

9900 ఎంఏహెచ్ అని అచ్చేసిన 18650 సెల్లులు బజారులో ఉన్నాయి. ఆ కొలతలో ఇప్పటిదాకా విరివిగా వచ్చిన మంచి సెల్లులు 3500 చుట్టుపక్కలే ఆగాయి. తేల్చడానికి కిరాణా కొట్లో ఎలక్ట్రానిక్ కాటా చాలు. అసలు సెల్లు 45 నుంచి 49 గ్రాములు తూగుతుంది. 35 గ్రాముల కింద ఉంటే లోపల సరుకు లేదన్నమాట. లిథియం సెల్లులకు మన దేశంలో బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఐఎస్ 16046 అన్న గుర్తు, ఆర్‌తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు సెల్లు మీదో పెట్టె మీదో ఉందో లేదో చూడాలి.

విడిగా సెల్లు కొంటే ఇంకో చిక్కుంది. లోపల సెల్లు మరీ ఖాళీ కాకుండా ఆపే రక్షణ బోర్డు ఉన్న సెల్లు 67 నుంచి 70 మిల్లీమీటర్ల దాకా పొడవుంటుంది, కొన్ని గొట్టాల్లో మూత బిగుసుకోదు. బలవంతంగా బిగిస్తే ఆ బోర్డే నలుగుతుంది. రక్షణ లేని సెల్లు వేస్తే లైటు సర్క్యూటు 3 వోల్టుల దగ్గర తనంతట తాను ఆపేసేదై ఉండాలి. చాలా చవక లైట్లకు ఆ తెలివి ఉండదు. వెలుగు మసకబారి మినుకుమినుకుమనేదాకా వాడేస్తే సెల్లు 2.5 వోల్టుల కిందకు పడిపోతుంది. అలా పడి చాలా రోజులు ఉన్న సెల్లులో రాగి రేకు కరిగి, తర్వాత ఛార్జి పెట్టినప్పుడు లోపల షార్టయ్యే ప్రమాదం ఉంది. దాన్ని మళ్లీ లేపాలని చూడకూడదు. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ విప్పి తీసిన సెల్లుల విషయమూ అంతే. ఎన్నేళ్లు వాడారో, ఎంత లోతుకు పడ్డాయో సెల్లు ముఖం చూసి చెప్పలేం.

ఇక వెనక రెండు పిన్నులు బయటకొచ్చి నేరుగా గోడ ప్లగ్గులో గుచ్చే లైట్లు. ఇవి ఊళ్లలో ఎక్కువ. చాలావాటిలో ఉండేది 4 వోల్టుల లెడ్ బ్యాటరీ. ఖాళీగా నెలరోజులు ఉంచితే పలకల మీద సల్ఫేటు పేరుకుని చచ్చిపోతుంది. ఏడాదికోసారి తుపానుకు బయటకు తీసే వస్తువుకు అంతకన్నా అననుకూలమైన బ్యాటరీ ఇంకోటి లేదు. పైగా వీటిలో ట్రాన్స్‌ఫార్మరు ఉండదు, ఒక కెపాసిటరుతో 230 వోల్టులను తగ్గిస్తారు. అంటే ఛార్జి అవుతున్నంతసేపూ లోపలి భాగాలు లైనుకు కలిసే ఉంటాయి. పగిలిన లైటును ప్లగ్గులో ఉండగా ముట్టుకుంటే షాకు కొట్టొచ్చు. ఇవి పోలికకు కూడా అర్హమైనవి కావు.

దూరం, వెడల్పు, రంగు

ల్యూమెన్లు మొత్తం వెలుగు ఎంతో చెబుతాయి. అది ఎటు పోతుందో చెప్పవు. ఒకే దిక్కుకు వెలుగు ఎంత గట్టిగా పోతుందో చెప్పే కొలత కాండెలా, దూరం తేలేది దానితోనే. పేరున్న కంపెనీలు ఇలాంటి లైట్ల కోసం 2009లో వచ్చిన ఎఫ్‌ఎల్1 ప్రమాణం ప్రకారం దూరం రాస్తాయి: వెలుగు 0.25 లక్స్‌కు (ఒక చోటు మీద పడే వెలుగుకు కొలత లక్స్), అంటే నిండు పున్నమి వెన్నెలంతకు, పడిపోయే చోటు వరకు. సూత్రం తేలిక. కాండెలాకు వర్గమూలం తీసి రెండుతో గుణించాలి. 2500 కాండెలా అయితే 100 మీటర్లు. ఆ చివరన ఉన్నది మనిషో చెట్టు మొద్దో కంటికి తెలియదు. పోల్చుకోవడానికి ఒక లక్స్ అయినా కావాలి, అది సగం దూరంలో, 50 మీటర్ల దగ్గర ఉంటుంది. కాబట్టి పెట్టె మీది దూరాన్ని సగం చేసి చదువుకోవడం మంచి అలవాటు.

ఇంట్లోనూ వీధిలోనూ తిరగడానికి 500-1000 కాండెలా ఎక్కువే. మందస, వజ్రపుకొత్తూరు వైపు జీడితోటల్లోకి చీకటితో వెళ్లేవాళ్ల సంగతి వేరు. అక్కడ ఎలుగుబంట్లు తిరుగుతాయి, ఎదురుపడ్డాక చూడటం కన్నా ముందే చూడటం మేలు. 60 మీటర్ల దగ్గర ఒక లక్స్ రావాలంటే 3600 కాండెలా, అంటే పెట్టె మీద 120 మీటర్లు అని ఉండాలి. నునుపు రిఫ్లెక్టరున్న 18650 లైటుకు అది సులువే. ఏఏ లైట్లలో తక్కువవాటికే సాధ్యం.

వరిగట్టు మీద నడకకు దూరం కాదు, వెడల్పు కావాలి. మూడు నుంచి ఐదు మీటర్ల మేర కాలి ముందు నేల సమంగా వెలగాలి. 50-100 ల్యూమెన్లు చాలు. పామును కళ్లకు పట్టించేది వెలుగు కన్నా దాని నీడ. లైటును నడుము ఎత్తులో, ఇంకా కిందికి పట్టుకుంటే గడ్డిలో పడుకున్న పాము వెనక నీడ పొడుగ్గా పడుతుంది. నుదుటికి కట్టుకునే లైటు కంటి వరసలోనే ఉండటంతో ఆ నీడ కనబడదు, నేలంతా చదునుగా కనిపిస్తుంది. రంగు సంగతీ ఇక్కడే. చవక లైట్లు దాదాపు అన్నీ 6500 కెల్విన్ (వెలుగు రంగుకు కొలత) నీలపు తెలుపు. కంటికి జిగేల్‌మంటుంది, కానీ ఆ వెలుగులో మట్టి, ఎండుటాకు, రక్తపింజర ఒకేలా బూడిదరంగులో కలిసిపోతాయి. 4000-5000 కెల్విన్ రకం, అందులోనూ రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే సూచి (సీఆర్‌ఐ) 90 పైన ఉన్నదైతే గోధుమరంగు మచ్చలు విడివిడిగా తెలుస్తాయి. ల్యూమెన్లు ఓ ఐదో వంతు మేర తగ్గుతాయి, తగ్గనివ్వండి. కట్లపాము నల్లటి ఒంటి మీద తెల్ల గీతలు ఏ వెలుగులోనైనా కనిపిస్తాయి. చిక్కు ఎప్పుడూ రక్తపింజరతోనే.

మంచులో, వానలో కంటి దగ్గర లైటు పట్టుకుంటే తుంపరల మీద పడ్డ వెలుగు తిరిగి మన కళ్లలోకే కొడుతుంది. చెయ్యి చాచి, కిందికి పట్టుకోవాలి.

తలకాయను ముందుకీ వెనక్కీ జరిపే జూమ్ లైట్లు కొట్లో చూపించడానికి భలే ఉంటాయి. గోడ మీద ఎల్‌ఈడీ చతురస్రం అచ్చుగుద్దినట్టు పడుతుంది. అలా కుదించినప్పుడు వెలుగులో సగానికి పైగా తలకాయ లోపలి గోడలకే తగిలి వృథా అవుతుంది. ఇంకో లోపం, జరిపే తలకాయ గాలి పంపులా పనిచేసి ప్రతిసారీ తేమను లోపలికి లాగుతుంది. అద్దం లోపల చెమ్మ పట్టిన లైట్లలో ఎక్కువ ఇవే.

అరగంట పరీక్ష

వెలిగించిన క్షణం చూసి కొంటే మోసపోతాం. ఎల్‌ఈడీకి ఇచ్చిన కరెంటులో ఎక్కువ భాగం వేడిగానే మారుతుంది. మంచి లైటు కొన్ని నిమిషాల తర్వాత వేడిని బట్టి తనే వెలుగు తగ్గించుకుంటుంది. ఎఫ్‌ఎల్1లో గంటల లెక్క 30వ సెకను వెలుగుతో మొదలై పదో వంతుకు పడేదాకా సాగుతుంది. అందువల్ల పెట్టె మీద 1000 ల్యూమెన్లు, 3 గంటలు అని ఉంటే అందులో 1000 మూడు నిమిషాలే ఉండి, మిగతా కాలమంతా 200-300 కావచ్చు. అబద్ధం కాదు, నిజమూ కాదు.

దీన్ని ఇంట్లోనే చూసుకోవచ్చు. సెల్‌ఫోన్‌లో లక్స్ కొలిచే ఉచిత యాప్ ఒకటి వేసుకోవాలి. రాత్రి తలుపులేసిన గదిలో లైటును నేల మీద నిలబెట్టి శ్లాబు వైపు చూపాలి. ఒక మీటరు దూరంలో ఫోనును తెర పైకి ఉండేలా పెట్టి కదపకూడదు. వెలిగించిన వెంటనే, 30 సెకన్లకు, 5, 10, 20, 30 నిమిషాలకు అంకె రాసుకోవాలి. ఫోను చెప్పే లక్స్ కచ్చితం కాకపోవచ్చు, రెండు లైట్ల మధ్య పోలికకు అది అడ్డు కాదు. మంచి సర్క్యూటున్న లైటు ఒక మెట్టు దిగి అక్కడే నిలబడుతుంది. సర్క్యూటుకు బదులు ఒక రెసిస్టరు పెట్టినది మొదటి నిమిషం నుంచే జారుతూ పోతుంది. అదే ఫోను కెమెరాను లైటు తక్కువ వెలుగులో ఉన్నప్పుడు దాని వైపు తిప్పితే తెర మీద నల్లటి చారలు పరుగెడతాయేమో కూడా చూడాలి. పరుగెడితే వెలుగు తగ్గించడానికి ఎల్‌ఈడీని వేగంగా ఆర్పి వెలిగిస్తున్నారని అర్థం. తిరిగే ఫ్యాను రెక్క, మోటారు పుల్లీ అలాంటి వెలుగులో ఆగినట్టు కనిపించే ప్రమాదం ఉంది.

తక్కువ వెలుగు ఎంత తక్కువన్నదీ ముఖ్యమే. ఒకటి రెండు ల్యూమెన్ల మెట్టు ఉంటే అర్ధరాత్రి ఎవరి నిద్రా చెడకుండా పని జరుగుతుంది, ఏఏ సెల్లు వంద గంటలు దాటి వస్తుంది. టపటపా కొట్టుకునే స్ట్రోబూ ఎస్ఓఎస్సూ ఎవరు అడిగారో గానీ, వాటిని దాటుకుంటేనే మామూలు వెలుగు వచ్చే లైటును పెద్దవాళ్ల చేతికి ఇవ్వకూడదు.

స్విచ్చి, ఛార్జింగు కన్నం

వెనక టక్‌మనే స్విచ్చి ఉన్నది ఆపితే పూర్తిగా ఆగినట్టే. పక్కన మెత్తని బటను ఉన్నదానిలో సర్క్యూటు ఎప్పుడూ మేలుకునే ఉంటుంది, కొంచెం కొంచెంగా సెల్లును తాగుతుంది. సంచిలో పడేసినప్పుడు నొక్కుకుపోయి వెలిగే బెడదా ఉంది. మూత మర రంగు పూతతో ఉంటే, అంటే తెల్లటి అల్యూమినియం కాకుండా నల్లగానో బూడిదగానో ఉంటే, మూతను పావు చుట్టు వదులు చేస్తే చాలు, కరెంటు తెగిపోతుంది. ఆ పూత కరెంటు పోనివ్వదు. వెనక అయస్కాంతం ఉన్న లైటు పొలంలో స్టార్టరు డబ్బాకు అతుక్కుంటుంది, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. ముందు మెయిన్ ఆపడం మరవకూడదు.

టైప్-సీ కన్నం ఉందని సంతోషపడి ఇంటికెళ్లాక కొత్త ఫోను ఛార్జరుతో ఛార్జి ఎక్కకపోవడం తరచూ జరిగేదే. చవక లైట్లలో ఆ కన్నం వెనక ఉండాల్సిన రెండు 5.1 కిలో-ఓమ్ రెసిస్టర్లు పెట్టరు. రెండు పక్కలా టైప్-సీ ఉన్న కేబులుతో ఛార్జరు వాటిని వెతికి, కనబడక కరెంటు ఇవ్వదు. ఒక పక్క పాత వెడల్పు యూఎస్‌బీ ఉన్న కేబులుతో అదే లైటు చక్కగా ఛార్జి అవుతుంది. లైటు పాడు కాలేదు. కొట్లోనే రెండు కేబుళ్లతోనూ పెట్టి చూడటం మంచిది.

ఉప్పుగాలి, వాన

కళింగపట్నం, భావనపాడు, బారువ, చింతపల్లి తీరాల్లో ఉప్పుగాలికి మొదట పోయేది స్ప్రింగు. పూత పలచనైన ఉక్కు స్ప్రింగు తుప్పు పడితే అక్కడే వోల్టేజీ తగ్గిపోతుంది, ఎక్కువ వెలుగు మెట్టులో లైటు మినుకుమంటుంది. ఐపీఎక్స్4 అంటే చినుకులకు ఆగేది. ఐపీఎక్స్7 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఆగేది. రెండూ మంచినీళ్లకు, కొత్త రబ్బరు రింగులున్న లైటుకు చెప్పిన మాటలు. పడవ మీద వాడే లైటును మూత బిగించి ఉండగానే మంచినీళ్లతో కడిగి, గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాకే తెరవాలి. మూడు నాలుగు నెలలకోసారి మర తుడిచి, రబ్బరు రింగుకు సిలికాన్ గ్రీజు పెసర గింజంత రాస్తే సరి. కొబ్బరినూనె దుమ్మునూ ఇసుకనూ పట్టేసుకుంటుంది, చలికి గడ్డకడుతుంది.

తుపాను కోసం దాచే లైటులో సెల్లు వేసి ఉంచకూడదు. ఆల్కలైన్ సెల్లు ఖాళీ అయ్యాక కారుతుంది, అల్యూమినియం గొట్టంలో ఉబ్బి ఇరుక్కుంటుంది. 18650ని సగం ఛార్జి దరిదాపుల్లో, సుమారు 3.7-3.8 వోల్టుల దగ్గర దాచి, సెప్టెంబరు చివర్లో నిండా ఛార్జి చేసుకోవాలి. మన తీరానికి గట్టి తుపాన్లు ఎక్కువగా వచ్చేది అక్టోబరు, నవంబరుల్లోనే.

వెలగకపోతే

పారేసిన లైట్లలో చాలావాటికి జబ్బు చిన్నదే ఉంటుంది. మల్టీమీటరుతో ముందు సెల్లు చూడాలి. నికెల్ పెన్సిల్ సెల్లు 1.1 కింద ఉంటే ఛార్జి పెట్టాలి, 18650 ఒక 3 వోల్టులు దాటి ఉండాలి. సెల్లు బాగుంటే వెనక మూత పూర్తిగా విప్పి, గొట్టం అంచున పూత లేని మెరిసే చోటుకూ సెల్లు అడుగుకూ మధ్య రెండు పక్కలా ఒలిచిన రాగి తీగ ముక్క ఆనించాలి. ఈ లైట్లలో గొట్టమే నెగెటివ్ తీగ పని చేస్తుంది. ఆనించగానే వెలిగితే దోషం మూతలో ఉంది: స్విచ్చి పోయింది, లేదా మూత లోపల స్విచ్చిని పట్టి ఉంచే ఇత్తడి చక్రం వదులైంది. ఆ చక్రానికి రెండు చిన్న గుంటలుంటాయి. కొనదేరిన కత్తెర రెండు మొనలూ వాటిలో పెట్టి కుడివైపు తిప్పితే బిగుస్తుంది. చాలా లైట్లు ఇక్కడే బాగైపోతాయి.

తీగ ఆనించినా వెలగకపోతే తలకాయ వైపు చూడాలి. మర విప్పి, మందుల షాపు స్పిరిట్‌లో తడిపిన దూదితో మరనూ గొట్టం రెండు అంచులనూ నల్లదనం పోయేదాకా తుడవాలి. సెల్లు పైభాగం తగిలే బొడిపెను పెన్సిలు రబ్బరుతో రుద్దాలి. ఆల్కలైన్ సెల్లు కారి తెల్లటి పొడి కట్టి ఉంటే అది క్షారం, రెండు చుక్కల నిమ్మరసం వేసి బుసబుస ఆగాక నీళ్ల గుడ్డతో, ఆ తర్వాత స్పిరిట్‌తో తుడవాలి. చేతికి కవరు తొడుక్కోవడం, కళ్లకు తగలకుండా చూసుకోవడం తప్పనిసరి. జింకు-కార్బన్ సెల్లు కారితే ఆ ద్రవం ఆమ్ల గుణం కలది, దానికి నిమ్మరసం పనిచేయదు, నీళ్లలో కలిపిన వంటసోడా వాడాలి. ఇంత చేసినా వెలగకపోతే పోయింది సర్క్యూటో ఎల్‌ఈడీయో. ఎల్‌ఈడీ అంచున నల్లమచ్చ కనిపిస్తే అది మాడింది. లేకుంటే సర్క్యూటు, దాన్ని మార్చే పని ఆ ధర లైటుకు గిట్టుబాటు కాదు. అలాంటి లైటులోంచి సెల్లునూ, రబ్బరు రింగులనూ, అద్దాన్నీ తీసి అట్టేపెట్టుకుంటే రెండో లైటుకు పనికొస్తాయి. ఉబ్బిన, నొక్కు పడ్డ 18650ని మాత్రం అట్టేపెట్టుకోకూడదు. రెండు కొనలకూ టేపు అంటించి, చెత్తబండిలో కాక పాత బ్యాటరీలు తీసుకునే చోట ఇవ్వాలి.